రెండెకరాలు, రెండు గుర్రాలు: ఏడాది పొడవునా మేత ఎలా?

మీ ప్రశ్న చూశాను: చేవెళ్ల వైపు రెండెకరాల ఎర్ర చెల్క, ఒక బోరు, 400 కిలోల గుర్రాలు రెండు ఉన్నాయి. పొలమంతా సూపర్ నేపియర్ (ఎత్తుగా పెరిగే మేతగడ్డి) వేస్తే ఏడాదంతా మేత కొనక్కర్లేదా అని అడిగారు. కొనాల్సిందేనండి. ఆ రెండెకరాలు మంచి మేతనిచ్చేది జులై నుంచి అక్టోబరు దాకానే. మిగతా కాలానికి ఎండుగడ్డి లెక్క ముందే వేసుకోవాలి. 400 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావాలి. నవంబరు నుంచి జూన్ చివరి దాకా సుమారు 240 రోజులు, రెండు గుర్రాలకు 3,840 కిలోలు. తొక్కుడు, తడి, బూజు పోను నాలుగున్నర టన్నులు అనుకోండి. కోతలయ్యే అక్టోబరు, నవంబరుల్లోనే కొనిపెట్టుకోండి, ఏప్రిల్‌లో వెతికితే ధర మీ చేతిలో ఉండదు.

ఇక నేపియర్. ఆవులకు, గేదెలకు అది మంచి మేతే. గుర్రానికి మాత్రం అదే ముఖ్య మేతగా పెట్టకండి. నేపియర్, గినీ, అంజన్ గడ్డి, సెటారియా, వీటన్నిటిలో ఆక్సలేట్ అనే రసాయనం ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను విరగ్గొడతాయి, గుర్రానికి ఆ వసతి లేదు. రక్తంలో కాల్షియం తగ్గగానే శరీరం ఎముకల్లోంచి లాగుతుంది. కొన్ని నెలలకు నడక బిగుసుకుంటుంది, కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతున్నట్టుంటుంది, తర్వాత ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి. మన లాయాల్లో దీనికి తోడు గోధుమ తవుడో వరి తవుడో ధారాళంగా పెడతారు. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు, అంటే దెబ్బ మీద దెబ్బ. ఉలవలు మానక్కర్లేదు, తవుడు మాత్రం తగ్గించండి.

ఈ గడ్డి తప్పనిసరైతే ఒక్కో గుర్రానికి వారానికి కిలో ఖనిజ మిశ్రమం ఇవ్వాలి: ఒక వంతు దాణా రకం సున్నపురాయి పొడి, రెండు వంతులు డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), కిలోన్నర మొలాసిస్‌లో (చెరకు మడ్డి) కలిపి, వారమంతా కొద్దికొద్దిగా. మోతాదు మీ పశువైద్యుడికి చూపించి మొదలుపెట్టండి. లక్షణాలు కనిపించాక ఇంత చాలదు.

వేయదగ్గవి గరిక, రోడ్స్ గడ్డి. రెంటిలోనూ ఆక్సలేట్ తక్కువ. గరిక తొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, రోడ్స్ కోసి ఎండబెట్టడానికి బాగుంటుంది. రోడ్స్ విత్తనం ఎకరానికి 2–3 కిలోలు చాలు. దూది పింజెలా తేలికైనది కాబట్టి ఇసుకతో కలిపి చల్లండి. సెంటీమీటరు కంటే లోతుకు పోతే మొలవదు. తొలకరి పడి నేల బాగా తడిశాక వేసి, రెండున్నర మూడు నెలలు గుర్రాన్ని దింపకండి. చేత్తో లాగితే ఆకు తెగాలి, వేరుతో సహా ఊడొస్తే ఇంకా ఆగాలి.

రెండెకరాలంటే 80 గుంటలు. 60 గుంటలను 15 చొప్పున నాలుగు ప్యాడాక్‌లు (కంచె వేసిన మేత మడులు) చేయండి. 10 గుంటలు లూసర్న్‌కు (పప్పుజాతి పచ్చిమేత), 8 గుంటలు గడ్డి లేని మట్టి ఆవరణకు, మిగిలింది దారికి. ఆ మట్టి ఆవరణ వృథా అనుకుంటారు, నిజానికి పొలం మొత్తాన్ని కాపాడేది అదే. ముసురు పట్టిన రోజుల్లోనూ, ఎండాకాలమంతా కూడా గుర్రాలు అక్కడే ఉండాలి. తడి చెల్కలో ఒక్కరోజు పరుగెత్తనిస్తే గడ్డి వేళ్లు తెగి, ఆ చోట వయ్యారిభామ లేస్తుంది. ఆవరణలో నీరు నిలవకూడదు, ఎత్తు చోట పెట్టి మొరం పోయించండి, లేకపోతే గిట్టల అడుగున కుళ్లు మొదలవుతుంది. మేత నేల మీద వేస్తే మట్టి కూడా కడుపులోకి పోయి శూల వస్తుంది, గాబులో వేయండి.

గడ్డి 6–8 అంగుళాలున్నప్పుడు దింపాలి, 3 అంగుళాలకు రాగానే తీసేయాలి. ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది. గుర్రానికి పై దవడ ముందు పళ్లు కూడా ఉంటాయి కాబట్టి మొదలంటా కొరుకుతుంది, మొగ్గ పోతే గడ్డి తిరిగి రాదు. వానాకాలంలో ఒక్కో ప్యాడాక్‌లో వారం, తర్వాత మూడు వారాల విశ్రాంతి. అక్టోబరు దాటాక విశ్రాంతి పెంచాలి, డిసెంబరుకు ఇక మేపు ఆపేయొచ్చు. జూన్‌లో కొత్త పచ్చిక మీదికి ఒక్కసారిగా వదలకండి: మొదటి రోజు గంట, తర్వాత పెంచుతూ పది రోజుల్లో పూర్తిగా, అదీ ఎండుగడ్డి తిన్నాకే.

గుర్రం లద్ది వేసిన చోట మేయదు. మిగతాది గుండు గీసినట్టు తింటుంది, ఆ చోట్లు మాత్రం ఏపుగా పెరుగుతాయి. వానాకాలంలో వారానికి రెండుసార్లు లద్ది ఎత్తేయాలి, ఆలస్యమైతే అందులోని పేగు పురుగుల పిల్లలు గడ్డి మీదికి పాకుతాయి. పచ్చి లద్దిని ప్యాడాక్‌లోనే చల్లకండి, కుప్పవేసి బాగా మాగాకే వాడాలి. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం లద్దిని గుంటకతో చెదరగొట్టొచ్చు, ఆ వేడికి పిల్లలు చస్తాయి. ఇంకో తేలిక మార్గం ఉంది: గుర్రాలు తీసేశాక ఆ ప్యాడాక్‌లో గొర్రెల మంద పెట్టించండి. వదిలేసిన గడ్డి అవి తింటాయి, గుర్రపు పురుగుల్లో చాలామటుకు గొర్రె కడుపులో బతకవు, పైగా ఎరువు. నట్టల మందు క్యాలెండరు చూసి కాదు, లద్ది పరీక్షలో గుడ్ల లెక్క చూసి వేయించండి.

లూసర్న్ అక్టోబరులో వేయాలి, 10 గుంటలకు రెండు, రెండున్నర కిలోల విత్తనం. మొదటి కోత సుమారు రెండు నెలలకు, తర్వాత 25–30 రోజులకోసారి. కాల్షియం బాగా ఉంటుంది, కానీ అదే మేతగా పెట్టకండి, కొద్దిగా వాడిపోనిచ్చి ఎండుగడ్డితో కలిపి వేయండి. ఏ పచ్చి మేతైనా కోసి కుప్పగా రాత్రంతా ఉంచితే వేడెక్కుతుంది, అది పెట్టకూడదు.

పక్కవాళ్లు ఇస్తామన్నవన్నీ తీసుకోకండి. పచ్చి జొన్న, సూడాన్ గడ్డి రోజూ మేపితే మూత్రాశయం దెబ్బతిని, మూత్రం కారుతూ వెనక కాళ్లు తూలతాయి. లేత జొన్నలో సైనైడ్ ముప్పు వేరే. ఆవుల దాణాలో మొనెన్సిన్ అనే మందు కలిసి ఉంటే గుర్రం ప్రాణం పోతుంది. సంచుల్లో వచ్చే సైలేజీ (పులియబెట్టిన పచ్చిమేత), యూరియా కలిపిన వరిగడ్డి కూడా వద్దు.

కంచెకు ముళ్లతీగ వద్దే వద్దు, వెడల్పాటి ఎలక్ట్రిక్ టేపు రెండు వరసలు, పైది నాలుగున్నర అడుగుల ఎత్తున. ఎండాకాలంలో నేల ఎండి షాక్ తగ్గుతుంది, ఎర్త్ రాడ్ల దగ్గర వారానికోసారి నీళ్లు పోయండి. కంచె అందానికని గన్నేరు నాటారేమో చూసుకోండి. ఉంటే వేళ్లతో సహా పీకించండి, కొట్టిన కొమ్మలు అక్కడే వదలకండి, ఎండిన ఆకు కూడా అంతే విషం.