ఒడిశాలోని పర్లాకిమిడిలో మనవల్ని పెంచుతున్న అమ్మమ్మ, తాతయ్యలకు నెలనెలా సాయం వస్తుందా?

అడిగినవారి అక్కాబావలు ఇద్దరూ పోయారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరే ఉంటున్నారు. వస్తుందండీ, తప్పకుండా అడగండి. కేంద్రం నడిపే పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, 18 ఏళ్లు నిండేవరకు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు.

తల్లి పోయి తండ్రి ఒక్కడే పెంచుతుంటే మాత్రం అంత సులువు కాదు. ఆయనకు ప్రాణాంతకమైన జబ్బు ఉంటేనో, ప్రమాదం వల్ల పని చేయలేకపోతేనో అర్హత ఉంటుంది. వితంతువైన తల్లికి ఇచ్చినట్టే కూలి చేసుకునే తండ్రికీ ఇవ్వాలని నా అభిప్రాయం.

దరఖాస్తు జిల్లా బాలల రక్షణ విభాగంలో ఇవ్వాలి. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మరణ ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

మన తెలుగువాళ్లకు అసలు టెన్షన్ పేర్లతోనే. మా వీధిలో ఒక అమ్మమ్మగారి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఒడియా బడి రికార్డులో మనవడి ఇంటిపేరు చివర పడింది. దాన్ని సరిచేయించడానికే నెలలు పట్టింది. ముందు ఆ పని చూసుకోండి.