గొంతు నొప్పి తగ్గింది సరే, ఆ మోకాళ్ల నొప్పి సంగతి చూడండి

ప్రశ్న: మాది రేణిగుంట. మా పాపకు ఏడేళ్లు. ఈ ఏడాది మూడుసార్లు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. ప్రతిసారీ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ తెచ్చి వేశాం. రెండు రోజుల్లో తగ్గగానే ఆపేశాం. ఇది స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల వస్తుందని, న్యుమోనియా టీకా కూడా స్ట్రెప్టోకాకస్‌కేనని చదివాను. ఆ టీకా వేయిస్తే గొంతు నొప్పి మళ్లీ రాదా? ఐదు నెలల బాబుకు కూడా ఒక డోసు తప్పిపోయింది. మా అమ్మకు 68 ఏళ్లు, షుగరు ఉంది. ఆమెకూ వేయించాలా? పాప వారం నుంచి మోకాళ్లు, చీలమండలు నొప్పి అంటోంది. బడిలో ఆటల వల్ల అనుకుంటున్నాం.

సమాధానం: టీకా సంగతికి తర్వాత వస్తాను. ముందు మీరు చివర్లో రాసిన ఆ రెండు వాక్యాల గురించి మాట్లాడుకోవాలి. గొంతు నొప్పి వచ్చి తగ్గిన పిల్లకు కీళ్లు నొప్పి పెడుతుంటే ఆటల వల్లేనని ఇంట్లో తేల్చేయకూడదు. రేపే పిల్లల డాక్టరుకు చూపించండి.

నా అనుమానం రుమాటిక్ ఫీవర్ మీద. గొంతులో చేరే గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్‌కు సరైన వైద్యం జరగకపోతే, కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీద, గుండె మీద తిరగబడుతుంది. 5 నుంచి 15 ఏళ్ల వయసు వాళ్లలోనే ఇది ఎక్కువ. ఈరోజు మోకాలు, రెండు రోజులకు అది తగ్గి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి, ఇలా నొప్పి చోటు మారుతుంది. కీళ్లు చివరికి బాగైపోతాయి. గుండె కవాటాలు దెబ్బతింటే మాత్రం అది జీవితాంతం మిగలొచ్చు. పెళ్లయి, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం వస్తే తప్ప గుండెలోని మైట్రల్ కవాటం సన్నబడిపోయిందని తెలియని ఆడపిల్లలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ పాపకు అదే ఉందని నేను అనడం లేదు. చికున్‌గున్యా కావచ్చు, నిజంగానే ఆటల నొప్పి కావచ్చు. చెయ్యి పెట్టి చూడకుండా, స్టెతస్కోప్‌తో వినకుండా ఏ డాక్టరూ తేల్చలేరు. రక్త పరీక్షలు, ఈసీజీ, ఎకో అవసరమా అన్నది చూసినవాళ్లు చెబుతారు. స్ట్రెప్టోకాకస్ సోకిందా అని చూసే ఏఎస్‌ఓ అనే రక్త పరీక్ష ఒక్కటే ఎక్కువగా వచ్చిందని మాత్రం జబ్బు ఖాయమనుకోవద్దు. గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిపోయినా అది పెరుగుతుంది. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, గుండె పరీక్ష కావాలంటే టీటీడీ వారి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. దూరం వెళ్లక్కర్లేదు.

ఈలోగా నొప్పికి బ్రూఫెన్ లాంటివి వేయకండి. కీళ్ల వాపు చప్పున తగ్గిపోయి, డాక్టరుకు కనిపించాల్సిన లక్షణం దాగిపోతుంది. ఆయాసం, ముఖం వాపు, మూత్రం ఎర్రగా రావడం, చేతులు వాటంతట అవే అదురుతూ రాత మారిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఆ అజిత్రోమైసిన్. కోప్పడుతున్నానని అనుకోవద్దు, కానీ మూడుసార్లూ చేసింది పొరపాటే. పిల్లలకు వచ్చే గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్లే. దగ్గు, ముక్కు కారడం ఉంటే ఆ మందుతో పనే లేదు. దగ్గు లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద చీము, మెడ కింద బిళ్లలు ఉంటే స్ట్రెప్ అని అనుమానించాలి. అప్పుడు రెండు రోజుల మందు ఎటూ చాలదు. పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ పూర్తిగా 10 రోజులు వాడాలి. లేదంటే ఒక బెంజథిన్ పెన్సిలిన్ సూది. పెన్సిలిన్ పడనివాళ్లకే వేరే మందు. ఇన్ని దశాబ్దాలు వాడినా ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది, అజిత్రోమైసిన్‌కు అన్నిసార్లూ లొంగదు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు సరైన మందు పడితే రుమాటిక్ ఫీవర్‌ను చాలావరకు ఆపొచ్చు. డాక్టరుకు చూపించేంత టైమ్ ఉందన్నమాట. మందుల షాపు కౌంటర్ మీద నుంచి పాప గొంతులోకి ఎవరూ తొంగి చూడలేరు కదా!

టీకా విషయం. పేరు ఒకటే గానీ క్రిములు వేరు. న్యుమోనియా టీకా న్యుమోకాకస్ అనే వేరే స్ట్రెప్టోకాకస్ మీద పనిచేస్తుంది, గొంతు స్ట్రెప్ మీద పనిచేయదు. గొంతు స్ట్రెప్‌కు ఇప్పటికైతే టీకానే లేదు. ఆరోగ్యంగా ఉన్న ఏడేళ్ల పిల్లకు న్యుమోకాకల్ టీకా మామూలుగా అవసరం లేదు.

బాబుకు మాత్రం కచ్చితంగా కావాలి. ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తారు. దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, మన రాష్ట్రానికి 2021లో వచ్చింది. తప్పిన డోసు కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, కార్డు పట్టుకుని ఏఎన్‌ఎమ్ దగ్గరికి వెళ్లండి. ఈ టీకా ప్రాణాంతకమైన న్యుమోనియాను, మెదడు పొరల వాపును (మెనింజైటిస్), రక్తంలో చేరే ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుంది. ఈ క్రిమి పసిపిల్లల ముక్కులో దాగి ఇంట్లో అందరికీ అంటుకుంటుంది. అమెరికాలో 2000లో పిల్లలకు టీకా మొదలుపెడితే, టీకా వేసుకోని ముసలివాళ్లలో కూడా జబ్బు తగ్గింది. తర్వాత టీకాలో లేని 19ఏ రకం పెరిగింది. దాన్నీ కలిపి 2010లో 13 రకాల క్రిమి మీద పనిచేసే టీకా తెచ్చారు. ఈ క్రిమిలో 100కు పైగా రకాలున్నాయి కాబట్టి, టీకా వేశాక న్యుమోనియా రానే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంటే బాబుకు వేయిస్తే అవ్వకూ కొంత రక్షణే. అయినా 68 ఏళ్లు, పైగా షుగరు కాబట్టి ఆమెకు విడిగా టీకా అవసరమే. పెద్దలకు ఇది ఉచిత పథకంలో లేదు. ఏ రకం, ఎప్పుడు అన్నది ఆమెను చూసే ఫిజీషియన్‌ను అడగండి.

పాపను తీసుకెళ్లేటప్పుడు వాడిన మందుల ఖాళీ అట్టలు, సీసాలు వెంట పట్టుకెళ్లండి. చివరి గొంతు నొప్పి ఏ తేదీన మొదలైందో రాసుకుని చెప్పండి. మీరు నాకు రాయనిది అదొక్కటే. డాక్టరు ముందుగా అడిగేదీ అదే.