సియాటెల్‌లో బోటు టాయిలెట్ ట్యాంకును సముద్రంలో ఖాళీ చేయొచ్చా?

చేయకూడదండీ. "ఒడ్డుకు మూడు మైళ్లు దాటితే వదిలేయొచ్చట, పైగా మాది చిన్న బోటే కదా" అని రాశారు. ఖాళీ చేయడం రోత పని అని భయం, క్యాబిన్‌లో వాసన అని కూడా అన్నారు. ఆ మూడు మైళ్ల లెక్క బయట పసిఫిక్‌లో. సియాటెల్‌ను ఆనుకుని ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో నట్టనడుమకు వెళ్లినా అది పనికిరాదు. 2018 మే 10 నుంచి సౌండ్ మొత్తం, దాంతోపాటు లేక్ యూనియన్, లేక్ వాషింగ్టన్ సరస్సులు కూడా 'నో డిశ్చార్జ్ జోన్'. శుద్ధి చేసిందైనా సరే, టాయిలెట్ నీరు చుక్క కూడా వదలడానికి లేదు. సింకు నీళ్లు, స్నానం నీళ్లు ఈ నిబంధన కిందికి రావు.

ఇక చిన్న బోటు మాట. మేం వేసవిలో సాన్ వాన్ దీవులకు వెళ్తుంటాం. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఒక్కో బేలో (నేల లోపలికి చొచ్చుకొచ్చిన నీటి మలుపులో) పదులకొద్దీ చిన్న బోట్లే పక్కపక్కన లంగరు వేసి ఉంటాయి. అందరూ మీలాగే అనుకుంటే? మూల బేలలో నీరు ఆటుపోట్లకు పూర్తిగా మారదు. పిల్లలు ఆ నీళ్లలోకే దూకుతారు. ఒడ్డున ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు) ఆ నీటినే వడగట్టుకుని తింటాయి, నోరోవైరస్ లాంటివి వాటి ఒంట్లో పేరుకుంటాయి. పచ్చిగా తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు. కాలుష్యం తేలితే ఆరోగ్య శాఖ ఆ తీరంలో ఏరుకోవడమే ఆపేస్తుంది. ఆయిస్టర్ల సాగు మీద బతికేవాళ్లకు, తరతరాలుగా అక్కడ ఏరుకునే స్థానిక తెగలకు అది నోటి దగ్గర కూడు పోవడమే.

ముందు టాయిలెట్ పైపు ఎటు పోతుందో చూడండి. పాత బోట్లలో వై వాల్వ్ ఉంటుంది: హ్యాండిల్ ఒకవైపు తిప్పితే ట్యాంకులోకి, రెండోవైపు తిప్పితే నేరుగా సముద్రంలోకి. ట్యాంకు వైపు తిప్పి, హ్యాండిల్ తీసేయండి, లేదా తాళమో, కోస్తే తప్ప ఊడని జిప్ టైయో వేయండి. ఊరికే తిప్పి వదిలేస్తే చాలదు, కోస్ట్ గార్డ్ తనిఖీలో ఇది అడుగుతారు. మేం జిప్ టై వేశాం, చుట్టాలొచ్చినా ఎవరి చెయ్యో తగులుతుందన్న టెన్షన్ లేదు.

ఖాళీ చేయడం మీరు భయపడేంత రోత పని కాదు. సౌండ్ చుట్టూ ట్యాంకులోని మురుగును పంపుతో లాగేసే పంపౌట్ స్టేషన్లు వందకు పైగా ఉన్నాయి, చాలావరకు ఉచితం. వాటికి 1992 నాటి క్లీన్ వెసల్ చట్టం కింద వచ్చే డబ్బు బోటు ఇంధనం మీద, చేపల వేట సామాను మీద మనం కట్టిన పన్నే. డెక్ మీద 'వేస్ట్' అని ఉన్న మూత తీయండి. పక్కనే మంచినీళ్ల మూత, ఇంధనం మూత కూడా ఉండొచ్చు, పేరు చదవకుండా ఏదీ తెరవొద్దు. గ్లోవ్స్ వేసుకుని పంపు గొట్టం నాజిల్‌ను ఆ రంధ్రంలో గట్టిగా అదిమిపెట్టి పంపు ఆన్ చేయండి. గొట్టం మధ్యలో గాజు కిటికీలా ఉన్నచోట నీళ్లు తేటబడేదాకా లాగనివ్వండి. ట్యాంకులో కాసిని నీళ్లు పోసి మరోసారి లాగితే అడుగున పట్టినది కూడా వచ్చేస్తుంది. అంతకన్నా ముందు ట్యాంకు వెంట్ (గాలి ఆడే గొట్టం) తెరిచే ఉందా చూసుకోండి. అది పూడుకుపోతే గాలి అందక ట్యాంకు లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం ఉంది.

క్యాబిన్‌లో వాసన అన్నారు. అది తరచు ట్యాంకుది కాదు, పైపుది. వేడినీళ్లలో ముంచిన గుడ్డ పైపుకు చుట్టి, చల్లారాక గుడ్డను వాసన చూడండి. కంపు కొడితే పైపు మార్చాల్సిందే, మా బోటుకూ అదే చేశాం. బ్లీచ్ పోయకండి, రబ్బరు సీళ్లు పాడవుతాయి. నలుగురు వెళ్తే వీకెండ్‌లోనే చిన్న ట్యాంకు నిండొచ్చు, అందుకే దారిలో ఏ మెరీనాలో పంపౌట్ ఉందో బయల్దేరే ముందే చూసుకోండి. వేసవిలో సాన్ వాన్ దీవుల్లోని రోష్ హార్బర్‌లో అయితే పంపౌట్ బోటే మన దగ్గరికి వస్తుంది.