ఉప్పెన వచ్చే ఊరికి భూమి ప్లాను

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సర్పంచివయ్యావు కాబట్టి ఇళ్ల స్థలాలకనీ, లేఅవుట్లకనీ, రొయ్యల చెరువులకనీ అర్జీలు వరసగా వస్తాయి. విడివిడిగా చూస్తే ప్రతిదీ సబబుగానే కనిపిస్తుంది. అన్నీ కలిసే ఊరిని ముంచుతాయి. అందుకని మొదటి సంతకానికి ముందే ఊరంతటికీ ఒక పటం గీయించు. అందులో ముందు నీళ్లకు చోటు తేల్చి, తర్వాతే ఇళ్ల సంగతి చూడు.

సముద్రం ఒడ్డున కట్టడాలను అదుపు చేసే తీర నియంత్రణ మండలి నియమాల (సీఆర్‌జెడ్) గీత దాటితే ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. 2019 నోటిఫికేషన్ ప్రకారం, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించని పల్లెల్లో హైటైడ్ లైన్, అంటే పెద్ద పోటుకు నీరు ఎక్కే గీత, నుంచి 200 మీటర్ల దాకా మామూలు కట్టడాలకు వీల్లేదు. అందులో 100 నుంచి 200 మీటర్ల మధ్య మాత్రం మత్స్యకారుల వంటి స్థానికుల ఇళ్లకు అవకాశం ఇచ్చారు. ఉప్పుటేళ్ల వెంట 50 మీటర్లు, లేదా ఆ ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది వదలాలి. ఇవన్నీ దూరం లెక్కలు. నీళ్లు మాత్రం పల్లాన్ని పట్టుకుని వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. గీత పాటించు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకు.

మట్టాలు తీయించు. 1977, 1990 తుఫానులు చూసిన పెద్దవాళ్లను గుడి గోడ దగ్గరికీ, బడి అరుగు దగ్గరికీ తీసుకెళ్లి నీళ్లు ఎంతెత్తు నిలిచాయో చూపించమను. ముగ్గురు విడివిడిగా చూపింది దాదాపు ఒకటైతేనే పెయింటుతో గీత కొట్టించు. ఆ గీతను సర్వేయరు మట్టాలు కొలిచే ఆటో లెవెల్‌తో దగ్గర్లోని బెంచ్‌మార్కుకు (ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తుకు) కలిపి, సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాయాలి. ఊళ్లో ప్రతి వంద మీటర్లకూ నేల మట్టం తీస్తే ఎక్కడ ఎంత లోతు నిలుస్తుందో తెలిసిపోతుంది. మీటరున్నర దాటే చోట ఇళ్లు వద్దు. వరి, సరుగుడు, పశువుల బీడు, ఆటస్థలం ఉండనీ. అర మీటరు నుంచి మీటరున్నర దాకా స్తంభాల మీద ఇల్లు. అంతకు తక్కువైతే పునాది అరుగు చాలు. ఏ ఇంటికైనా గచ్చు మట్టం ఆ పెయింటు గీతకు రెండడుగులు పైన ఉండాలి.

మట్టి తోలి మెరక చేస్తామనే వాళ్లతో జాగ్రత్త. ఎకరం పల్లాన్ని మూడడుగులు లేపితే దాదాపు 3,700 ఘనపు మీటర్ల నీళ్లకు చోటు పోతుంది. ఆ నీళ్లు పక్క పేటలోకి వెళ్తాయి, ఆ పేట సాధారణంగా పేదలదే అవుతుంది. లేఅవుట్‌లో వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలాన్ని పనికిరాని మూలకు తోసెయ్యనివ్వకు. డ్రెయిను పక్కన, అన్నిటికంటే పల్లంలో వదిలేలా పట్టుబట్టు.

అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది డ్రెయిన్లనే. ఉప్పునీరు ఎక్కకుండా చివర ఉన్న స్లూయిస్ తలుపులు పోటుకు మూసుకుంటాయి. తుఫాను రోజున సముద్రం ఉబ్బి ఉంటుంది కనుక నీరు వెనక్కి తీసే పాటు సమయంలో కూడా సరిగ్గా తెరుచుకోవు. ఒక రోజులో 200 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి దాదాపు 810 ఘనపు మీటర్లు, వంద ఎకరాలకు 81 వేలు. అప్పటికే నేల తడిసి ఉంటుంది, లోపలికి ఇంకే నీరు తక్కువ. ఆ నీళ్లు మీటరు లోతున నిలవాలంటే 20 ఎకరాలు కావాలి! ఇదివరకు ఆ నీళ్లను వరిచేలు పట్టుకునేవి. రొయ్యల చెరువుల్లో ముందే నీళ్లుంటాయి, గట్లు ఎత్తు, వాటిలో చోటుండదు. కాబట్టి చెరువు అర్జీ వస్తే ముందు సర్వే కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ) తీయించి డ్రెయిను పోరంబోకు హద్దు చూపించమను. గట్టు లోపలికి జరిగినట్టు తేలితే అర్జీ అక్కడే ఆపు. పొక్లెయిన్ తిరగడానికి డ్రెయినుకు ఒక వైపైనా ఐదు మీటర్ల దారి ఉండాలి. దారి లేని డ్రెయినులో గుర్రపుడెక్క తీసేవాళ్లుండరు. రోడ్డు కింద అడుగు వెడల్పు తూము వేస్తామంటే ఒప్పుకోకు, గుర్రపుడెక్క చిక్కి ఒక్క రాత్రిలో పూడిపోతుంది. పెట్టెలా వెడల్పుగా ఉండే బాక్సు కల్వర్టు కావాలని అడుగు.

ఇసుక దిబ్బల నుంచి తట్టెడు ఇసుక కూడా పోనివ్వకు. పడవలు లాగే దారి దిబ్బను నిటారుగా కోస్తే ఉప్పెనకు అదే వాకిలి, కనుక ఏటవాలుగా తీయించు. మడ చెట్ల జోలికి ఎవరూ పోకూడదు. ప్రభుత్వ భూమిలో మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు వదలాలి.

బెస్త కుటుంబాలను మైళ్ల దూరం కాలనీకి పంపితే పడవ, వల, చేపలు ఆరబెట్టే చోటు ఇక్కడే ఉంటాయి కాబట్టి ఏడాది తిరక్కుండా ఒడ్డునే పాక వేసుకుంటారు. నడిచి వెళ్లేంత దూరంలో మెరక చూసి ఇవ్వు. అక్కడి నుంచి తుఫాను షెల్టరుకు వెళ్లే రోడ్డు కూడా పెయింటు గీతకు పైనే ఉండాలి, డ్రెయిను గట్టు మీదుగా పోకూడదు.

పటం పూర్తయ్యాక సర్వే నంబర్లతో సహా గ్రామసభలో చదివించి తీర్మానం చేయించు. నకళ్లు తహసీల్దారుకు, ఎంపీడీఓకు, డ్రైనేజీ శాఖకు, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సీఆర్‌జెడ్ కమిటీకి పంపి రసీదులు తీసుకో. ఆ కమిటీలో స్థానిక తీరప్రాంతం వాళ్లు ముగ్గురైనా ఉండాలని నియమం ఉంది, మన వైపు నుంచి ఎవరున్నారో కనుక్కో. హద్దు రాళ్లు సెప్టెంబరు లోపే పాతించు. అక్టోబరులో వానలు పట్టుకుంటే డ్రెయిను గట్టేదో చెరువు గట్టేదో కొలిచే వీలుండదు.

ఇట్లు,
పెదనాన్న