ముందు కుర్చీ జరుపు, యాంప్లిఫైయర్ సంగతి తర్వాత

చి. సుధీర్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. స్పీకర్లు మంచివే కొన్నావు. షాపులో విన్న సౌండు ఇంట్లో రావట్లేదని, ఇంకా పెద్ద యాంప్లిఫైయర్ కొనాలా అని అడిగావు. అక్కర్లేదు. ఇంకో రూపాయి ఖర్చుపెట్టే ముందు ఆ గదిలో సామాను జరిపి చూడు. ఎడమ స్పీకరేమో మూలలో ఇరుక్కుని ఉంది, కుడిది టీవీ స్టాండు అరలో ఉంది, నువ్వు కూర్చునే సోఫా ఎదురు గోడకి ఆనించి ఉంది. ఇలా పెడితే లక్ష రూపాయల సెట్టయినా బాగా పాడదు.

ముందు వైర్లు చూడు. యాంప్ ఆపేసి, ప్లగ్ తీసేసి మరీ చూడు. రెండు స్పీకర్లకీ ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్ళిందా? ఒకదానికి తారుమారైతే ఒక స్పీకర్ కోను (ఊగే గరాటు లాంటి భాగం) ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. బేస్, అంటే కింది స్థాయి సౌండు, సన్నబడిపోతుంది, గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు. వైరు మీద గుర్తు కనపడకపోతే మా మైక్ సెట్ల వాళ్ళ పద్ధతి ఒకటుంది. స్పీకర్ వైరుని యాంప్ నుంచి పూర్తిగా విడదీసి, ఆ చివర్లని ఒక పెన్సిల్ సెల్‌కి క్షణం సేపు తాకించి తీసెయ్యి. వూఫర్, అంటే బేస్ పలికే పెద్ద కోను, బయటికి వస్తే సెల్ ప్లస్సుకి తగిలిన తీగే ఎరుపుది. లోపలికి పోతే రెండోది. తీగ సన్నటి పోగులు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ని తాకకుండా గట్టిగా మెలిపెట్టు, అలా తాకితే యాంప్ కాలిపోవచ్చు.

ఆ షాపు కుర్రాడు మీటరు వేలల్లో ఉండే వైరు చూపించాడట. వద్దని చెప్పు. ఇళ్ళ వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు లాగినా, రానుపోను కలిపి దాని నిరోధం 0.1 ఓమ్ కూడా ఉండదు. నీది 8 ఓమ్‌ల స్పీకరు. తేడా వినపడదు.

ఇక అసలు పని. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అన్నావు కదా. స్పీకర్లని 10 అడుగుల గోడ వైపే ఉంచు, కానీ మూలలోంచీ అరలోంచీ బయటికి తియ్యి. పక్క గోడలకి రెండేసి అడుగులు వదిలితే రెంటి మధ్యా 6 అడుగులు వస్తుంది. వెనక గోడకి కూడా రెండు అడుగులు వదులు. నీ స్పీకర్లకి వెనక బెజ్జం ఉంది, అది గోడకి ఆనితే బేస్ ఉబ్బిపోతుంది. గోడ దగ్గరయ్యేకొద్దీ బేస్ పెరుగుతుంది, మూలలో మరీ ఎక్కువ. అంత బేస్ విన్నవాళ్ళకి మొదట్లో బాగానే ఉంటుంది. అరగంట పోతే తల దిమ్మెక్కుతుంది, గొంతులు బిందెలో మాట్లాడినట్టు వినపడతాయి.

నీ చెవి నుంచి రెండు స్పీకర్లకీ దూరం కూడా 6 అడుగులే ఉండాలి, మూడు వైపులూ సమానంగా. కంటికి వదిలెయ్యకు, టేపు పెట్టి కొలువు. టేపు లేకపోతే దారం చాలు. రెండించీల తేడా వచ్చినా గొంతు ఒక పక్కకి జరుగుతుంది. ట్వీటర్ (పైస్థాయి సౌండు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తులో, అంటే కూర్చున్నప్పుడు నేల నుంచి మూడడుగుల దగ్గర ఉండాలి. స్టాండ్లకి ఆన్‌లైన్లో వెతక్కు. మీ వీధిలో వెల్డింగు షాపు వాడిచేత ఇనప గొట్టంతో చేయించుకుని, గొట్టంలో ఎండు ఇసక నింపు. పైన నాలుగు రబ్బరు ముక్కలు పెట్టి స్పీకర్ కూర్చోబెట్టు. స్పీకర్ల మొహం కొద్దిగా నీ వైపు తిప్పు. ట్వీటర్ చెవిలో గుచ్చుకుంటున్నట్టుంటే కొంచెం వెనక్కి తిప్పుకో.

ఇప్పుడు కుర్చీ. నేను చెప్పిన లెక్కన నీ తల సోఫా ఆనుకున్న గోడకి దాదాపు అయిదడుగుల ముందుంటుంది. ఇంట్లో వాళ్ళు ఒప్పుకోరని తెలుసు. సోఫాని అక్కడే ఉంచు, పాటలు వినేటప్పుడు మాత్రం ఒక కుర్చీ ముందుకి లాక్కో. గోడకి ఎందుకు ఆనకూడదంటే, 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనాలు) దగ్గరి స్వరం గోడల దగ్గర బాగా పెద్దదై, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమైపోతుంది. అందుకని గోడా వద్దు, గది నట్టనడుమా వద్దు. నీ గదికి ఇంకో చిక్కుంది. వెడల్పూ 10 అడుగులే, శ్లాబు ఎత్తూ దాదాపు అంతే. రెండూ కలిసి 57 హెర్ట్జ్ దగ్గర ఒకే స్వరాన్ని మోగిస్తాయి. దీన్ని పూర్తిగా పోగొట్టలేవు. స్పీకర్లని ఒక్కో జానెడు ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ తక్కువగా ఉంటే అక్కడ ఆపు. అప్పటికీ గుమ్ముమంటుంటే ఒక మేజోడు చుట్టి వెనక బెజ్జంలో కుక్కి చూడు, నవ్వకు.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఘంటసాల గారి పాత సినిమా పాట ఒకటి పెట్టు. ఆ కాలం పాటలు మోనో కాబట్టి రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. గొంతు సరిగ్గా మధ్యలో, ఏ పెట్టే లేని చోట, నిలబడాలి. లండన్‌లో బ్లమ్‌లైన్ అనే ఇంజినీరు 1931లో పేటెంటుకి దరఖాస్తు పెట్టిన స్టీరియో అంతా చెవికి ఇలా చోటు చూపించడం మీదే నడుస్తుంది. గొంతు ఎడమకి లాగితే దూరాలు మళ్ళీ కొలువు. తర్వాత కర్ణాటక కచేరీ రికార్డింగు ఒకటి పెట్టి, మృదంగం ఎడమ మూత వాయింపు విను. రవ్వ ముద్ద పెట్టిన ఆ పక్క నుంచి వచ్చే గుంకి అనే లోతైన నాదం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియాలి. ప్రతి దెబ్బా ఒకే మోతలా సాగితే నువ్వు వింటున్నది గదినే. నాకైతే సినిమా పాటల హోరు కంటే ఈ మృదంగం పరీక్ష మీదే నమ్మకం.

గది మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టు. టింగుమని మోత వస్తే టైల్సూ ఖాళీ గోడలూ సౌండుని ఆడిస్తున్నాయని అర్థం. కుర్చీలో కూర్చుని, ఇంకొకరిచేత పక్క గోడ వెంబడి అద్దం జరిపించు. ఎక్కడ అద్దంలో స్పీకర్ కనపడితే అక్కడ సౌండు గోడకి తగిలి నీ దగ్గరికి వస్తోంది. ఒక పక్క ఆ చోట పుస్తకాల అర పెట్టు, కిటికీ పక్క మందపాటి కర్టెన్ వెయ్యి. నేల మీద ఉత్త జంపఖానా పరిస్తే పైస్థాయి మాత్రమే తగ్గుతుంది, కింద ఒక బొంత వేసి దాని మీద పరుచు. గోడలన్నిటికీ ఫోము అంటించమని ఎవరన్నా చెబితే వినకు, గది మూగబోతుంది, బేస్ మోత మాత్రం అలాగే ఉంటుంది.

బీరువా సంగతి మర్చిపోకు. బేస్ వచ్చినప్పుడల్లా దాని హ్యాండిల్ జివ్వుమంటుంది, జనం స్పీకర్ పోయిందనుకుని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. తలుపు సందులో మడత పెట్టిన అట్టముక్క చాలు. ఫ్యాను కూడా వినేటప్పుడు ఒకటి రెండు మీద పెట్టుకో.

సౌండు బాగా పెంచినప్పుడు గరగరమంటే వెంటనే తగ్గించు. చిన్న యాంప్‌ని శక్తికి మించి తోస్తే ముందు కాలేది ట్వీటరే. ఇవన్నీ చేశాక కూడా నీకు కావలసినంత సౌండు రాకముందే గరగరమంటే అప్పుడు పెద్ద యాంప్ చూద్దాం.

గది తుడిచేవాళ్ళు స్టాండ్లు జరిపేస్తారు. కుదిరిన చోట నేల మీద టేపు ముక్కలు అంటించి ఉంచు. పనయ్యాక మళ్ళీ ఫొటోలు పంపు.

మీ మామయ్య