గడ్డ లేకుండా వచ్చే రొమ్ము క్యాన్సర్: నలుగురికీ ఏం చెప్పాలి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్‌కి కీమో, ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. మా డ్వాక్రా సంఘంలో నా అనుభవం చెప్పమంటున్నారు. ఏం చెబితే పనికొస్తుంది? ఆపరేషన్ అయిన వైపు చెయ్యి సాయంత్రానికి బరువెక్కుతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కీమో కష్టాల గురించి అందరూ అడుగుతారు. మీరు మాత్రం జబ్బు లక్షణాలు కనబడిన మొదటి వారాల సంగతి ముందు చెప్పండి. ఈ జబ్బులో చాలామందికి గడ్డ చేతికి తగలదు, మామోగ్రామ్‌లో కూడా ఒక్కోసారి దొరకదు. క్యాన్సర్ కణాలు చర్మంలో లింఫు అనే పల్చటి ద్రవం పారే నాళాలకు అడ్డుపడతాయి కాబట్టి రొమ్ము వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటుంది. చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడుతుంది. చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు తెలియకపోవచ్చు, కమిలినట్టు ఉంటుంది. జాకెట్టు ఒకవైపే బిగుతైందా? అలాంటివి కూడా చెప్పండి.

ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పేం కాదు. వారం, పది రోజుల్లో తగ్గకపోయినా మరో కోర్సు వాడుతూ కూర్చోవడమే ముప్పు. అప్పుడు స్కానింగ్, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అడగాలి. చర్మం ముక్కలో ఏమీ కనబడలేదని వదిలేయకూడదు, లోపలి కణజాలం కూడా పరీక్షించాలి. మీకు ఏది ఎప్పుడు జరిగిందో తేదీలతో చెప్పండి.

‘ముందే కోసేస్తే పోయేదిగా’ అని ఎవరో ఒకరు అనకమానరు. జబ్బు చర్మంలో పాకి ఉంటుంది కనుక ముందు కీమోతో అణచాలి, తర్వాతే రొమ్ము, చంక గ్రంథులు తీసి రేడియేషన్ ఇస్తారు. మందుల పేర్లు చెబితే మీ ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు (ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి క్యాన్సర్ కణాలపై చేసే హార్మోన్, ప్రొటీన్ పరీక్షలు) కూడా చెప్పండి. మీకు పనిచేసిన ఇంజెక్షన్ పక్కామెకు అక్కరలేకపోవచ్చు. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెడితే పేరు, ఆస్పత్రి నంబరు, బార్‌కోడ్ కనబడకుండా చూడండి.

ఇక చెయ్యి. చంక గ్రంథులు తీశాక, రేడియేషన్ తర్వాత లింఫు సరిగా దిగక వచ్చే వాపు, అంటే లింఫెడీమా కావచ్చు. మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెం.మీ. పైన, కింద రెండు చేతులనూ టేపుతో కొలిచి రాసుకోండి. తేడా 2 సెం.మీ. దాటినా, గాజులు, ఉంగరం బిగుతైనా మీ డాక్టరుకు చూపించండి. జబ్బు తిరగబెట్టలేదనీ, రక్తం గడ్డకట్టలేదనీ వారు తేల్చుకున్నాకే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. ప్రెషర్ స్లీవ్ (వాపు తగ్గడానికి చేతికి వేసుకునే బిగుతు తొడుగు) కొలతలు తీయించుకునే కొనండి. వదులైనది పనిచేయదు, మరీ బిగుతైతే వేళ్లు వాస్తాయి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఆపరేషన్ మచ్చ చుట్టూ కొత్తగా దద్దు, గింజలాంటివి కనబడితే తర్వాతి చెకప్ దాకా ఆగకండి.