ఒకే వ్యాసం నలభై సైట్లలో పెడితే?

ప్రశ్న: మేము కుట్టు మిషన్లు బాగుచేస్తాం, విడిభాగాలు అమ్ముతాం. సైటు పెట్టి రెండేళ్లయినా రోజుకు పదిమంది కూడా రావడం లేదు. వ్యాసాలు రాసి ఒకేసారి ముప్పై నలభై సైట్లలో పెట్టిస్తే ట్రాఫిక్ దానంతటదే వస్తుందని ఒకరు చెబుతున్నారు. నెలనెలా డబ్బు కట్టాలట. కట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ డబ్బు నేనొకసారి కట్టాను. 2010లో నా సైటు కోసం పన్నెండు వ్యాసాలు రాయించి ఆర్టికల్ డైరెక్టరీలనే సైట్లలో పెట్టించాను. అప్పట్లో అందరూ చేసే పనే అది. వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని వేసుకోవచ్చు. చివర్లో రచయిత గురించి రెండు ముక్కలూ, మన సైటుకు ఒక లింకూ ఉంచితే చాలు. లింకులు పెరిగేకొద్దీ గూగుల్‌లో పైకొచ్చేవాళ్లం. ఆరు నెలలు నాకు పండగే.

2011 ఫిబ్రవరిలో గూగుల్ ‘పాండా’ అనే మార్పు తెచ్చింది. పస లేని వ్యాసాలతో నిండిన సైట్లు కిందికి జారిపోయాయి, పెద్ద పెద్ద డైరెక్టరీలు కూడా. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ‘పెంగ్విన్’ వచ్చి, ర్యాంకు కోసం అల్లిన లింకుల పని పట్టింది. డబ్బిచ్చి తెచ్చుకున్న లింకులు నా మెడకే చుట్టుకున్నాయి. వాటిని తీసేయమని ఒక్కో సైటుకూ మెయిల్ రాస్తూ కూర్చున్నాను. సగం మంది జవాబే ఇవ్వలేదు. పెట్టించిన ఏజెన్సీ ఫోను ఎత్తడం ఎప్పుడో మానేసింది. ‘ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దు’ అని మనమే చెప్పుకునే డిసావో టూల్‌ను గూగుల్ 2012 అక్టోబరులో ఇచ్చాక గానీ నాకు ఊపిరాడలేదు. అదే సరుకును మీకిప్పుడు కొత్త కవరులో పెట్టి అమ్ముతున్నారు.

దాని బదులు ఒక నోట్‌బుక్ కొని ఫోను పక్కన పెట్టుకోండి. ఫోన్ చేసినవాళ్లు ఏమడిగారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీరైతే ‘కుట్టు మిషన్లలో టెన్షన్ సమస్యలు, పరిష్కారాలు’ అని శీర్షిక పెడతారు. వాళ్లు మాత్రం ‘కింద దారం ఉండలు కడుతోందండీ’ అంటారు. గూగుల్‌లో టైపు చేసేదీ ఆ ముక్కే. మీ బ్లాగు పోస్టుకు అదే శీర్షిక.

దాని కింద, పని తెలిసినవాళ్లు మాత్రమే చెప్పగలిగింది చెప్పండి. మా మిషన్ బాగుచేసినాయన ఒకసారి నాకు చూపించారు. కింద ఉండలు కడితే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు, తప్పు చాలాసార్లు పై దారంలో ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే, దారానికి బిగువునిచ్చే టెన్షన్ డిస్కులు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. పట్టు లేని ఆ దారం వదులుగా కిందికి పోయి ఉండ కడుతుంది. ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసి, మళ్లీ ఎక్కిస్తే సరి. ఇదంతా ఆయన నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పారు, పైసా తీసుకోలేదు. ఆ తర్వాత మిషన్‌కు ఏమొచ్చినా నేను ఇంకెవరి దగ్గరికీ పోలేదు.

ఆ రెండు నిమిషాలనే ఒక పోస్టుగా రాయండి. ఫుట్ ఎత్తినప్పుడు ఒక ఫొటో, దించినప్పుడు ఒకటి, పక్కపక్కనే పెట్టండి. చివర్లో ‘ఇలా చేసినా ఉండలు కడుతుంటే సూది వంగిందేమో, బాబిన్ కేసులో చెత్త చేరిందేమో చూడండి. అప్పటికీ కుదరకపోతే మాకు ఫోన్ చేయండి’ అంటే చాలు. అన్నీ చెప్పేస్తే మన దగ్గరికి ఎవరొస్తారని చాలామంది భయపడతారు. సొంతంగా చేసుకోగలిగినవాళ్లు ఎలాగూ రారండీ. చేసుకోబోయి కుదరనివాళ్లే మీకు ఫోన్ చేస్తారు. ఇలాంటివి ఓ పది పోస్టులు పడ్డాక బయటి సైట్ల సంగతి చూద్దాం.

ప్రశ్న: నేను చిన్న సంస్థలకు లెక్కలు రాసిపెడతాను. నా బ్లాగులోని ఒక వ్యాసాన్ని మా వృత్తికి సంబంధించిన ఒక పెద్ద సైటు వేసుకుంటానంటోంది. ఒకే వ్యాసం రెండు చోట్ల ఉంటే గూగుల్ శిక్షిస్తుందని విన్నాను. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వండి, కాకపోతే వరస తప్పకుండా ఇవ్వండి. శిక్ష అన్నది కొంచెం పెంచి చెప్పే మాట. ఒకే వ్యాసం కాపీలు కనిపిస్తే గూగుల్ వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చూపిస్తుంది, మిగతావి పక్కన పెడుతుంది. బాధల్లా ఏమిటంటే, ఆ ఎంచుకునేది మీది కాకపోవచ్చు. నాకు జరిగింది. నేను రాసిన వాక్యాన్నే గూగుల్‌లో వెతికితే పైన వాళ్ల సైటు వచ్చింది, నాది ఎక్కడో అడుగున ఉంది. సొంత ఇంట్లో అద్దెకున్నట్టు అనిపించింది.

అందుకని వ్యాసం ముందు మీ సైటులో రావాలి. సైటు యజమానుల కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామా ఇస్తే, అది గూగుల్ ఇండెక్స్‌లోకి, అంటే వెతికి చూపించే పేజీల జాబితాలోకి, చేరిందో లేదో చెబుతుంది. చేరాకే బయటికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వాళ్ల పేజీకి నోఇండెక్స్, అంటే ఈ పేజీని జాబితాలో చేర్చొద్దని గూగుల్‌కు చెప్పే ట్యాగ్, పెట్టమని అడగండి. పెడితే అక్కడి పాఠకులు చదువుకుంటారు, గూగుల్ మాత్రం ఆ కాపీని చూపించదు. అసలు వ్యాసం ఎక్కడుందో చెప్పే కెనానికల్ ట్యాగ్ ఒకటుంది. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009లో తెచ్చినది. ఇలా ఇచ్చిపుచ్చుకునే వ్యాసాలకు చాలాకాలం దాన్నే వాడమనేవాళ్లు. 2023లో గూగుల్ ఆ సలహా మార్చింది. రెండు సైట్లలో పేజీలు ఒకేలా ఉండవు కాబట్టి దానిమీద ఆధారపడొద్దని, నోఇండెక్సే మేలని అంటోంది.

మీరు పంపే మెయిల్ ఇంత చాలు: ‘వ్యాసం సంతోషంగా వేసుకోండి. ఆ పేజీకి నోఇండెక్స్ పెట్టగలరా? వీలుకాకపోతే మీ పాఠకుల కోసం వేరే కోణంలో కొత్తగా రాసి ఇస్తాను. ఏదైనా సరే, వ్యాసం మొదట్లోనే నా అసలు వ్యాసానికి లింకు ఇవ్వండి.’ మొదట్లోనే అని ఎందుకన్నానంటే, చివరి వరకూ చదివేవాళ్లు తక్కువ. లింకు మీ హోమ్ పేజీకి కాకుండా ఆ వ్యాసానికే ఉండాలి. హోమ్ పేజీలో దిగినవాడికి మళ్లీ వెతుక్కునే ఓపిక ఉండదు.

పెద్ద సైట్లు నోఇండెక్స్‌కు సాధారణంగా ఒప్పుకోవు, వాళ్లకూ గూగుల్ ట్రాఫిక్ కావాలి మరి. అప్పుడు కొత్తగా రాసివ్వడమే మంచిది. శ్రమే, కాదనను. కానీ సిండికేషన్‌లో, అంటే ఇలా వ్యాసాన్ని వేరే సైటుకు ఇవ్వడంలో, మీకు దక్కేది ఆ సైటు చదివే మనుషులు. వాళ్లు మీ వృత్తి వాళ్లే అయితే, అందులో మీకు పని ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో కూడా ఆలోచించుకోండి. లెక్కలు రాసేవాళ్లు చదివే సైటు కంటే చిన్న వ్యాపారులు చదివే సైటు మీకు ఎక్కువ ఉపయోగం. మీడియం అనే బ్లాగుల సైటులో పెట్టాలనుకుంటే అక్కడి ఇంపోర్ట్ టూల్ వాడండి, కెనానికల్ అదే పెట్టేస్తుంది. లింక్డ్‌ఇన్‌లో మాత్రం నాలుగు పేరాల సారాంశం రాసి లింకు ఇస్తే సరిపోతుంది.

ప్రశ్న: ఏఐతో రోజుకు అయిదు వ్యాసాలు రాయించి బ్లాగులో పెడుతున్నాను. తప్పా?

జవాబు: ఏఐ వాడినంత మాత్రాన తప్పని గూగుల్ అనడం లేదు. ర్యాంకు కోసం, చదివేవాడికి పనికిరాని పేజీలు గుట్టలుగా పోయడాన్ని మాత్రం 2024 మార్చి నుంచి స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ చేర్చింది, అవి మనిషి రాసినా మిషను రాసినా. రోజుకు అయిదు పెడుతున్నారు సరే, వాటిని మీరైనా చదువుతున్నారా?

ప్రశ్న: నా బ్లాగు పోస్టులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ నుంచి ఎత్తుకుపోయి ఎవరో వాళ్ల సైటులో వేసుకుంటున్నారు. ఫీడ్ ఆపేయాలా?

జవాబు: ఆపొద్దు. ఫీడ్ అంటే మీ కొత్త పోస్టులు పాఠకుల దగ్గరికి వాటంతటవే చేరే ఏర్పాటు. అలాంటి ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడ్డాక ఫీడ్ చదివేవాళ్లు తగ్గారు గానీ, ఉన్నవాళ్లు మీ ప్రతి పోస్టూ చూసేవాళ్లు. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, రీడింగ్‌లోకి వెళ్తే ఫీడ్‌లో వ్యాసం మొత్తం ఇవ్వాలో సారాంశం ఇవ్వాలో ఎంచుకోవచ్చు. నేను మొత్తమే ఇస్తాను. కాకపోతే ప్రతి పోస్టులో నా పాత పోస్టులకు రెండు మూడు లింకులు పూర్తి చిరునామాతో ఉంచుతాను. ఎత్తుకుపోయేది మనిషి కాదు, ప్రోగ్రాము. లింకులు తీసే తెలివి దానికి చాలాసార్లు ఉండదు. అలా దొంగ సైటు నుంచి కూడా నాకు అప్పుడప్పుడు చుట్టాలొస్తుంటారు. ఆ కాపీ గూగుల్‌లో మీకంటే పైన కనిపిస్తే మాత్రం ఊరుకోకండి. కాపీరైట్ ఉల్లంఘన కింద దాన్ని సెర్చ్ నుంచి తీసేయమని అడిగే ఫారం గూగుల్‌లోనే ఉంది.

ప్రశ్న: నాది వాటర్ ఫిల్టర్లు సర్వీసు చేసే వ్యాపారం. బయటి సైట్లలో మూడు వ్యాసాలు వచ్చాక నా సైటుకు వచ్చేవాళ్లు పెరిగారు, ఫోన్లు మాత్రం పెరగలేదు. టెన్షన్‌గా ఉంది. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందు ఏ వ్యాసం నుంచి ఎవరొస్తున్నారో విడదీయండి. బయటికిచ్చే ఒక్కో లింకు చివర యూటీఎం అనే చిన్న తోక తగిలిస్తే, సైటుకు ఎవరెక్కడి నుంచి వచ్చారో లెక్క చూపే అనలిటిక్స్‌లో ఆ మూడు వ్యాసాలూ విడివిడిగా కనిపిస్తాయి. వచ్చినవాళ్లలో మీరు సర్వీసు చేయలేనంత దూరం వాళ్లే ఎక్కువ ఉంటే, అది ఎన్నుకున్న సైటు తప్పు.

అయితే మీరు పంపిన లింకు నేను నా ఫోనులో తెరిచి చూశాను. వ్యాసం బాగుంది. ఫిల్టరు మార్చాల్సిన టైము ఎలా తెలుసుకోవాలో చక్కగా రాశారు. అది చదివి మీకు ఫోన్ చేద్దామని కింద కనిపించిన నంబరు నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కితే నంబరు పెద్దగా కనిపించింది, అంతే. మీ డిజైనరు నంబరును బొమ్మలో కలిపేసి పెట్టారు. కాపీ కూడా కాదు. దాన్ని కాగితం మీద రాసుకుని నంబరు కొట్టాల్సి వచ్చింది. ఇవాళే దాన్ని మామూలు అక్షరాల్లోకి మార్పించి, నొక్కగానే ఫోను కలిసేలా లింకు పెట్టించండి. నాలుగో వ్యాసం ఆ తర్వాత రాద్దురుగాని.